పిండి దంచు దినమునకు సెలవు: హైదరాబాదు మహానగరమందలి ఉద్యోగసంస్థల యాజమాన్యములకు బహిరంగ లేఖ



ప్రతి సంవత్సరము జనవరి నెల రెండవ వారమున హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై, పంతంగి టోల్‌ప్లాజా వద్ద బారులు తీరి నిలిచిన కార్లను, బస్సులను మీరును చూచియుందురు. మీలో పెక్కుమంది ఆ బారులలో స్వయముగా నిలిచియు నుందురు. దక్షిణ మధ్య రైల్వేవారు ప్రత్యేకముగ రైళ్లు నడిపినను, ఉభయరాష్ట్రముల ఆర్టీసీ సంస్థలు అదనపు బస్సులు వేసినను చాలక, వేలకు వేల కుటుంబములు భోగికి ముందటి రాత్రిని రహదారిమీదనే గడిపి, మంట చల్లారు వేళకు ఇల్లు చేరి, మరునాడు పండుగ భోజనము చేసి, కనుమ తెల్లవారకమునుపే తిరుగు ప్రయాణమునకు మూటలు కట్టుచున్నవి. అట్లు వచ్చి పోవువారికి పండుగ దక్కినదని మనమందరము తలచుచున్నాము. వారికి దక్కినది పండుగలోని చివరి భాగము మాత్రమే యనియు, మొదటి భాగము మీ హాజరుపట్టీలలో చిక్కుపడి పోయినదనియు మనవి చేసికొనుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను.

మా కోనసీమ పల్లెలలో సంక్రాంతి పండుగ బియ్యము నానబోసిన నాడే మొదలగును. కొత్తపంట ఇంటికి వచ్చి, అనకాపల్లి వైపు నుండి ఆ యేటి కొత్తబెల్లము అంగళ్లలోనికి దిగిన తరువాత, భోగికి మూడు నాలుగు దినముల ముందుగా మంచిపూట చూచి ఇంటి పెద్దయామె అరిసెలకు బియ్యము పోయును. పగలును రాత్రియు నానిన బియ్యమును వార్చి, గుడ్డపై నీడపట్టున ఆరబోసి, తడి పూర్తిగా ఆరకమునుపే దంచి జల్లింపవలెను. జల్లించిన పిండిని గాలికి పొడివారకుండ గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పి, ఆ పూటనే పాకము పట్టవలెను. పొడిపిండితో అరిసె రాదు. రేపటికని ఉంచిన తడిపిండి పులిసిపోవును. అందుచేత ఈ పనికి వాయిదా యనునది లేదు. మొదలుపెట్టినవారు ముగించియే లేవవలెను.

రోళ్లు ఇప్పుడు చాల యిండ్లలో వసారా మూలకు చేరినవి. జనము పిండిమరకే పోవుచున్నారు. పండుగ ముందు దినములలో మా ఊరి మర యొద్దకు తెల్లవారుజామున పోయి చూచినచో, స్టీలు గిన్నెలును బేసిన్లును తెల్లని తడిబియ్యముతో నేలపై వరుసదీరి, తమ యజమానురాండ్రకు బదులుగా తామే వంతు కాచుకొనుచుండును. ఆ గిన్నె ఎవరిదో చూచి ఆ యింటికి ఎవరు వచ్చినారో, ఎవరు రాలేదో చెప్పగల స్త్రీలు మా ఊరిలో కలరు. నాలుగు కిలోల గిన్నె నిరుడు పెట్టినయామె ఈ యేడు కిలోన్నర గిన్నె పెట్టినదనగా, ఆ పిల్లలు పండుగనాటి ఉదయమునకుగాని రారని అర్థము. ఎవరును ఆమెను ప్రశ్నింపరు.

పిల్లలు రానిచో గిన్నె ఏల చిన్నదగునని మీరడుగుదురేమో! కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము చొప్పున పాకము పొయ్యిమీద పొంగులు వారుచున్నప్పుడు ఆ పొయ్యి చుట్టు ఎందరు మనుష్యులు కావలయునో దయచేసి ఆలోచింపుడు. పాకము కనిపెట్టుట కొకరు, పిండి చల్లుట కొకరు, తెడ్డుతో కలియబెట్టుట కొకరు. చలిమిడి సిద్ధమైన పిదప నిమ్మకాయ ప్రమాణమున ఉండలు చేయువారొకరు, నువ్వులద్ది అరటియాకుపై తట్టువారొకరు, బాణలిలో వేసి తీయువారొకరు, తీసిన అరిసెను చెక్కల నడుమ నదిమి నూనె పిండువారు మరియొకరు. ఇందు పిల్లలకును పని కలదు, వృద్ధులకును పని కలదు. తెడ్డు త్రిప్పుట సామాన్యమైన శ్రమ కాదు. పిండి పడుకొలది చలిమిడి బిగియుచు వచ్చి, బలమైన భుజములు లేనిచో తెడ్డు కదలదు. ఆ భుజములు గల కుమారుడు ఆ సమయమున గచ్చిబౌలిలోనో మాదాపూరులోనో నెలాఖరు నివేదికను సరిచూచుచుండును. తెడ్డు అతని తల్లి చేతిలో నుండును. అరువదియేండ్లు దాటిన స్త్రీలు ఈ రీతిగ ఒంటరిగా నిలిచి అరిసెలు వండుటను నేను అనేక గృహములలో చూచితిని. ఒక్కొక్కచోట బాణలి ముందు కూర్చుండియే ఫోనులో కొడుకుతో, "నువ్వేం కంగారుపడకు నాన్నా, అంతా అయిపోయింది" అని చెప్పుచుండగా వింటిని.

మా మేనత్తగారి యింట మాత్రము ఈ పని ఇప్పటికిని పదిమంది చేతులమీదుగానే జరుగుచున్నది. ఆమె కంచములో చన్నీళ్లు పోసి దగ్గర నుంచుకొని, గరిటె కొసనుండి రెండు బొట్ల పాకమును అందు విడుతురు. బొట్టు నీటిలో కరగి పరచుకొన్నచో పాకము లేత; ఆ పిండితో చేసిన అరిసె నూనెలో పడగనే విచ్చిపోవును. వ్రేలితో దగ్గరకు తీసి ఎత్తినప్పుడు మెత్తని ఉండయై నిలిచినచో అది తగిన పాకము. ఆ ఉండ గట్టిపడి కంచమునకు కొట్టినప్పుడు చప్పుడు చేసినచో వేళ మించినట్లే. ఆ అరిసెలు రెండవనాటికి పండ్లకు లొంగవు. ఈ మూడింటికిని నడుమ నున్న వ్యవధి నాలుగు మాటలు మాటలాడునంత సేపు కూడ ఉండదు. ఆ క్షణమున ఆమె తలయెత్తకయే, "పొయ్యరా పిండి, చెయ్యి ఆపావంటే ఉండకట్టేస్తుంది!" అని కేకవేయుదురు, జల్లెడ పట్టుకొన్న మనుమడు పోయును, తెడ్డు పట్టుకొన్న మేనల్లుడు త్రిప్పును. ఈ జ్ఞానమును గ్రంథములలో చదివిగాని, చలనచిత్రమువలె ఫోనులో చూచిగాని పొందినవారు నాకు కనబడలేదు. పొయ్యి ప్రక్కన కూర్చుండి, ఆమె వ్రేళ్ల మధ్య నుండి ఆ ఉండను తన వ్రేళ్ల మధ్యకు తీసికొని నలిపి చూచినవానికే అది అబ్బును. అట్లు కూర్చుండుటకు ఒక పగలు కావలయును. ఆ పగలు ప్రభుత్వపు సెలవుల జాబితాలో లేదు. మీరు దయతలచి యిచ్చినగాని ఉండదు.

ఆ చలిమిడిలోనుండి మొదటనే ఒక ముద్ద తీసి, నేయి రాచి, అత్తవారింటినుండి వచ్చిన ఆడుబిడ్డకొరకు వేరుగ దాచుట మా వైపు ఆచారము. తిరిగి పోవునప్పుడు పసుపు కుంకుమలతో, రవికెగుడ్డతో, సారె డబ్బాలతో కూడ అది ఆమె చేతికి వచ్చును. ఆడుబిడ్డయే ఆ ముద్ద కలుపు వేళకు ఇంట నున్నచో ఆ తల్లి మొగము ఎట్లుండునో చెప్పుటకు నేను ప్రయత్నింపను.

తెలంగాణమున ఇదే పండుగకు చేయు సకినాల సంగతియు ఇట్టిదే. నానబెట్టి పట్టించిన బియ్యపు పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పిండిని వ్రేళ్ల నడుమ మెలిపెట్టుచు, పరచిన తెల్లనిగుడ్డపై చుట్టుకు చుట్టు అంటునట్లు వలయములుగ చుట్టుట ఎంతటి నేర్పరికైనను త్వరపడి చేయదగినది కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు ఈ యింటికి ఒకనాడు, ఆ యింటికి ఒకనాడు పోయి, గుడ్డకు ఇరువైపుల కూర్చుండి చుట్టుదురు. కొంచెము ఆరిన పిమ్మట వలయము చెదరకుండ ఎత్తి నూనెలో విడుతురు. వియ్యాలవారికి పంపు సకినాల గంపకు గల గౌరవము కరీంనగరు, వరంగల్లు వైపువారిలో నేటికిని తగ్గలేదు. మీ సంస్థలలో పనిచేయు ఆ ప్రాంతపు యువతులను పిలిచి అడుగుడు: వారి తల్లులకు సకినాలు చుట్టుట వచ్చును, వారిలో ఎందరికి వచ్చును?

అంగడిలో కొనుటను నేను నిందించుట లేదు. ఆత్రేయపురము పూతరేకులను మా ఇండ్లలో నెవరును చేయరు. తిరుగవేసిన కుండమీద పలుచని రేకు తీయు ఆ విద్య ఆ గ్రామపు స్త్రీలదే, దానిమీద వారి సంసారములు నడచుచున్నవి. 2023 సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మేమందరము సంతోషించితిమి. తాపేశ్వరము కాజా, బందరు లడ్డు కొని తెచ్చినంత మాత్రమున ఏ పండుగయు చిన్నబోలేదు. స్వగృహ మిఠాయి దుకాణములలో అరిసెలు కిలోల లెక్కన అమ్ముట వలన కూడ ఎందరో స్త్రీలు అన్నము తినుచున్నారు. కాని ఇంట చేయదగినది, చేయవలెనని ఆ యింటివారు కోరుకొనునది, కేవలము పిల్లలు సమయమునకు రాలేదను కారణమున అంగడి పాలగుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. అది వారి యిష్టము కాదు. మీ కార్యాలయములో ఎవరో తయారుచేసిన పట్టికనుబట్టి వచ్చిన నిర్బంధము.

మీరు పండుగలకు మీ ఉద్యోగులకు కానుకలు ఇచ్చుచుందురు. బంగారు రంగు అట్టపెట్టెలలో జీడిపప్పు, బాదము, మిఠాయి. ఒక్కొక్క సంవత్సరము గోడగడియారము, లేక నీళ్లసీసా. మీ సద్భావమును శంకింపను. అయితే వేలమందికి ఒకే వస్తువును పంచునప్పుడు వారిలో ఒక్కనిని కూడ తలచుకొనుటకు వీలుండదు. కానుక యనునది ఎదుటివాని నిత్యజీవితమును కొంతకాలము దగ్గర నుండి చూచినవాడు ఇచ్చినప్పుడే రాణించును. మా బంధువుల యింట ఒక కుఱ్ఱవాడు ఒక యేడు అదృష్టవశమున భోగికి నాలుగు దినముల ముందుగనే ఊరు చేరినాడు. పిండివంటలనాడు వాని నాయనమ్మ ముక్కాలిపీటమీద కూర్చుండి బాణలి చూచుకొనుచు, లేవవలసివచ్చినప్పుడెల్ల గోడ పట్టుకొని, మోకాళ్లు పట్టివేయగా పండ్లు బిగించి లేచుచుండుట వాడు గమనించినాడు. ఆమె ఎవరితోను ఆ మాట చెప్పినది కాదు. మరునాటి ఉదయము వాడు వడ్రంగి యింటికి పోయి, ఆమె కూర్చున్నప్పుడు మోకాళ్లు ముడుచుకొనకుండునంత ఎత్తున, రెండు ప్రక్కల పట్టుకొని లేచుటకు చేతులుండునట్లు, వేపచెక్కతో ఒక పీట చేయించి, దానికి సరియగు ఎత్తున గ్యాసుపొయ్యికి ఒక బల్ల కూడ చేయించి, భోగినాడు ఆమె ముందుంచినాడు. ఆమె దానిని చేతితో తడవి చూచి, కూర్చుండి చూచి, మఱల లేచి చూచినది. ఆనాడు గోడ పట్టుకొనలేదు. అంతకుముందు సంవత్సరము ఆ పిల్లవాడే హైదరాబాదునుండి ఆమెకు ఖరీదైన పట్టుచీర పంపినాడు. అది బీరువాలో భద్రముగ నున్నది. పీట మాత్రము నిత్యము వంటయింటిలో నున్నది.

చీరలు, పంచెలు ఇయ్యరాదని నా యభిప్రాయము కాదు. వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని ఏకి, సన్నని నూలు వడకి నేసిన పొందూరు ఖద్దరు పంచెను, అది తప్ప మరియొకటి కట్టని తండ్రికి వెదకి తెచ్చియిచ్చిన కుమారుని నేను మెచ్చుకొందును. మెత్తని మంగళగిరి నూలుచీర తప్ప వేరొకటి ఒంటికి పడని తల్లికి అదియే తేవలెను. ఇందు ధర ప్రసక్తి లేదు. ఇటీవలి సంవత్సరములలో పశ్చిమగోదావరి వైపు కొత్త అల్లునికి మూడువందలకు మించిన పదార్థములను వడ్డించి, ఆ విస్తరిని ఛాయాచిత్రములు తీయించి పత్రికలకు పంపు వేడుక ప్రబలినది. అతిథిమర్యాదకు పేరుగాంచిన ప్రాంతమది; ఆ ప్రేమను నేను ఎరుగుదును, అనుభవించితిని. అయినను అందులో ముప్పాతిక భాగము అంగడినుండి తెప్పించినదే గదా! ఆ అల్లునికి నిజముగ నచ్చునదేదో తెలిసికొని, అత్తగారు తన చేతితో వండిన బొబ్బట్టును, పనసపొట్టు కూరను వడ్డించినచో అతడు కడుపార తినును; మూడువందల గిన్నెల ముందు పాపము అతడు చేయి ఎక్కడ పెట్టవలెనో తెలియక దిక్కులు చూచును.

ఇంటికి వెలుపలివారికి ఇచ్చునదియు పండుగలో భాగమే. ధనుర్మాసము పొడుగున తెల్లవారుజామున తిరిగిన హరిదాసు తలమీది పాత్రలో కొత్తబియ్యము పోయవలెను. గంగిరెద్దుపై కప్పుటకు మంచి గుడ్డ తీసి యుంచవలెను. భోగినాటి సాయంకాలము రేగుపండ్లు, చెరకుముక్కలు, బంతిరేకులు, చిల్లరనాణెములు కలిపి పసిబిడ్డల తలపై పోయవలెను, వచ్చిన పేరంటాండ్రకు తాంబూలమును నానబెట్టిన శనగలును ఈయవలెను. వీనిని ఎవరికెంత, ఏ పాత్రతో, ఏ మాటతో ఈయవలయునో పిల్లలు పెద్దల ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనుటయే గాని వేరు మార్గము లేదు.

ఇక నా విన్నపములు. రైళ్లలో ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 దినములకు బదులు 60 దినములుగ చేసినారు. అనగా భోగికి మూడు దినముల ముందు బయలుదేరదలచినవాడు నవంబరు రెండవ వారముననే టిక్కెట్టు కొనవలెను. కిటికీ తెఱచిన కొలది నిమిషములకే గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్సులలో బెర్తులు నిండిపోవును. మీ సంస్థలలో సెలవు మంజూరగునది డిసెంబరు చివరనో, జనవరి మొదటనో! అప్పటికి ఆ ఉద్యోగికి మిగులునది ప్రైవేటు బస్సులవారు అడిగిన ధర, లేక పంతంగి వద్ద రాత్రి జాగరణ. కావున సంక్రాంతి సెలవు కోరిన ప్రతి అర్జీకి అక్టోబరు నెల ముగియకమునుపే ఔననియో కాదనియో జవాబు చెప్పుడు. కాదన్నను నష్టము లేదు. ఆ తల్లి నాలుగు కిలోలకు బదులు కిలోన్నర పోసికొనును.

రెండవది, భోగికి ముందు రెండు దినములను పండుగ సెలవుతో కలిపి తీసికొనుటకు ఇష్టపడినవారికి సౌకర్యము కల్పింపుడు. వానిని వారి సంపాదిత సెలవులోనుండియే కోసికొనుడు. ఉచితముగ నిమ్మని నేనడుగుట లేదు. మీరిచ్చు బంగారు రంగు పెట్టెకు బదులుగ ఒక దినమును మీ తరఫున జోడించినచో, అది మీ సంస్థ ఇచ్చిన కానుకలన్నిటిలోను ఉత్తమమైనదిగ ఆ కుటుంబములు చెప్పుకొనును.

మూడవది కనుమ. ఆంధ్రప్రదేశమున అది సాధారణ సెలవు దినము, తెలంగాణమున ఐచ్ఛికము. కనుమనాడు కాకియైనను కదలదని మా పెద్దలు ప్రయాణము కట్టనీయరు. మినపగారెలు బాణలిలో వేగుచుండగా, మేడమీది గదిలో తలుపు వేసికొని, చెవులకు తొడుగులు పెట్టుకొని కార్యాలయపు సమావేశములలో కూర్చున్న యువకులను నేను చూచితిని; గారెలు చల్లారిన పిదప వారు మెట్లు దిగివచ్చి, ఎవరి వంకయు చూడక విస్తరి ముందు కూర్చుందురు. ఇంటినుండి పనిచేయు వెసులుబాటు మంచిదే, కాని ఆ దినమున అది వెసులుబాటు కాజాలదు. కనుమనాడు ఫోను మ్రోగింపకుడు.

మీలో కొందరు, మా పని ఆగుటకు వీలులేనిదని చెప్పవచ్చును. నిజమే. ఆస్పత్రులలో నర్సులు, విద్యుత్కేంద్రములలో సిబ్బంది, రైళ్లను బస్సులను నడపువారు ఆ దినములలో కదలరాదు. మనమందరము ఇండ్లు చేరుటకు తన యిల్లు విడిచి మూడు రాత్రులు వరుసగ బస్సు నడపు డ్రైవరు ఇంటను అరిసెల పిండి నానుచునే యుండును. అట్టివారికి పండుగ వారము గడచిన వెంటనే, రథసప్తమి లోపుగ, వరుసగ మూడు నాలుగు దినములు ఈయుడు. పండుగ రూపాయలు ఎక్కువ ఇచ్చితిమని సరిపెట్టకుడు. ఆ యింటివారు బియ్యము ఆలస్యముగ నానబోసికొందురు. అరిసె ఎవరికొరకు చేసినారో వారు వచ్చినప్పుడే రుచించును.

నేను తెలుగువారి పక్షము మాత్రమే వహించుట లేదని కూడ గ్రహింపుడు. మీ నగరమున మేడలు కట్టుచున్న బీహారువారికి దీపావళి వెనువెంటనే వచ్చు ఛఠ్ పూజకు, గోధుమపిండి బెల్లము నేతితో ఠేకువా చేయు తల్లులున్నారు. అస్సామువారి మాఘ బిహువునకును, వంగదేశీయుల పౌష సంక్రాంతికిని పిఠాలు వండు సమయము మన సంక్రాంతి దినములే. మలయాళీలకు ఓణము కలదు. తెలంగాణపు ఆడుబిడ్డకు సద్దుల బతుకమ్మ కలదు. ప్రతి ఉద్యోగిని ఏ పండుగకు ఏ దినమున ఇంట నుండవలయునో ముందుగనే అడిగి వ్రాసికొన్నచో, అందరును ఒక్కమారే పోవుదురను భయము మీకుండదు. ఒకరు పోయినప్పుడు ఒకరు పని చూచుకొందురు. ఈ సర్దుబాటును ఉద్యోగులు తమలో తాము ఇప్పటికే చేసికొనుచున్నారు. దానికి మీ అనుమతియు, మీ సంతకమును మాత్రమే తక్కువగ నున్నవి.

వచ్చు సంవత్సరపు సెలవుల పట్టికను మీరు సాధారణముగ నవంబరు, డిసెంబరు నెలలలో సిద్ధము చేయుదురని వినియున్నాను. ఈ సారి ఆ పని ఒక నెల ముందుగ చేపట్టి, పట్టిక వ్రాయువారి ముందు ఈ లేఖ నుంచవలసినదిగ ప్రార్థించుచున్నాను.

ఇట్లు
భవదీయుడు,
కోనసీమవాసి యగు ఒక వ్యాసకర్త